ఒక రాజు వేసిన లైన్, ఇప్పుడు రెండు జోన్లు: పర్లాకిమిడి ఆవిరి ఇంజన్ల బాధ్యత ఎవరిది?

వంశధార గుణుపురం మీదుగా వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మద్రాసు-కలకత్తా రైలు మార్గం మాత్రం కళింగపట్నాన్ని తాకలేదు. ఆమదాలవలస, కోటబొమ్మాళి, నౌపడ మీదుగా వెళ్లిపోయింది. ఈ రేవు ఊరి వాళ్లు రైలెక్కాలంటే నేటికీ ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు రావాల్సిందే. పైన, కొండల వైపున్న పర్లాకిమిడికి మాత్రం 125 ఏళ్ల కిందటే రైలు వచ్చింది. ఎందుకంటే అక్కడి రాజే లైన్ వేయించుకున్నారు.

ఇప్పుడు ఆ లైన్ రెండుగా చీలుతోంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ వాల్తేరు డివిజన్ విభజనను ఆమోదించింది. దాని ప్రకారం నౌపడ-పర్లాకిమిడి భాగం విశాఖపట్నం డివిజన్ పేరుతో దక్షిణ కోస్తా జోన్‌లో ఉంటుంది. పర్లాకిమిడి-గుణుపురం భాగం రాయగడ డివిజన్‌లో చేరి తూర్పు కోస్తా జోన్ కిందే కొనసాగుతుంది.

ఏమిటీ లైన్?

రాజా గౌరచంద్ర గజపతి సుమారు రూ.7 లక్షల ఖర్చుతో నౌపడ నుంచి పర్లాకిమిడికి దాదాపు 40 కిలోమీటర్ల చిన్న లైన్ వేయించారు. 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. నేటి బ్రాడ్‌గేజ్‌కు అది 1,676 మిల్లీమీటర్లు. మొదట్లో నష్టాలే వచ్చాయి. లాభాలు కనిపించాక 1929, 1931లో రెండు విడతలుగా లైన్‌ను గుణుపురం వరకు పొడిగించారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. రాష్ట్రాలు విడిపోయినా లైన్ ఒకే చేతిలో ఉండిపోయింది. ఆ రోజు జరగని పని ఇప్పుడు జరుగుతోంది. అదీ సరిగ్గా 1900 నాటి లైన్ ఆగిన చోటే.

ఇంజన్లు ఎవరు చేశారు?

ఈ లైన్‌కు పేరు తెచ్చినవి పీఎల్ తరగతి ఇంజన్లు. వీటిని ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో ఉన్న కెర్ స్టువర్ట్ కంపెనీ తయారు చేసింది. చక్రాల అమరిక 0-6-4. ముందు చిన్న చక్రాలు ఉండవు. మధ్యలో బండిని లాగే ఆరు చక్రాలు, వెనుక క్యాబిన్, బొగ్గు బరువు మోసే నాలుగు చక్రాలు ఉంటాయి. నీళ్ల ట్యాంకు ఇంజన్ మీదే కాబట్టి వెనుక టెండర్ అవసరం లేదు. (స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం రూపకర్త ఆర్.జె.మిచెల్ పని నేర్చుకున్నది ఈ కంపెనీలోనే.) గుణుపురం పొడిగింపు సాగుతుండగానే, 1930లో కెర్ స్టువర్ట్ మూతపడింది. దాని డిజైన్లు లీడ్స్‌లోని హన్స్‌లెట్ కంపెనీకి చేరాయి.

1990ల మొదట్లో ఆవిరి స్థానంలో డీజిల్ వచ్చింది. 2004లో చిన్న రైళ్లు ఆగిపోయాయి. 2011 నాటికి గుణుపురం వరకు బ్రాడ్‌గేజ్ పూర్తయింది.

మళ్లీ నడపలేరా?

ఈ లైన్ మీద కుదరదు. డార్జిలింగ్‌లో, నీలగిరుల్లో ఆవిరి ఇంజన్లు నడుస్తున్నాయంటే అక్కడ పాత పట్టాలు ఉన్నాయి గనుక. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ 1997లో మళ్లీ ఢిల్లీ-అల్వర్ మధ్య నడిచిందంటే, దానికి సరిపడే బ్రాడ్‌గేజ్ ఉంది కనుక. పర్లాకిమిడి ఇంజన్‌కు చక్రం ఆనించే పట్టా కూడా మిగల్లేదు. కాబట్టి మ్యూజియం, లేదా స్టేషన్ ముందు దిమ్మె. అంతే.

దిమ్మె మీద పెట్టినంత మాత్రాన పని అయిపోదు. నౌపడ ఉప్పు మడుల ఊరు. ఇక్కడి గాలే ఇనుముకు శత్రువు. బాయిలర్ చుట్టూ ఉన్న రేకు కింద తేమ చేరితే పైన రంగు మెరుస్తున్నా లోపల తుప్పు పడుతుంది. పైకప్పు, ఏటా తనిఖీ, అందుకో బడ్జెట్ పద్దు ఉండాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని 2002 నుంచి ఉప్పుగాలిలోనే మ్యూజియంగా నడుపుతున్నారు. అంటే ఉత్తరాంధ్రకు ఇది చేతకాని పనేమీ కాదు.

అసలు చిక్కు ఎక్కడ?

కాగితాల్లో. తయారీ సంఖ్య, మరమ్మతు రిజిస్టర్లు, పాత డ్రాయింగులు, స్టేషన్ గంటలు, టోకెన్ యంత్రాలు లేకపోతే ఇంజన్ పేరులేని ఇనుప ముద్ద. కేబినెట్ ప్రకటనలో విశాఖ డివిజన్‌కు సుమారు 410, రాయగడకు సుమారు 680 కిలోమీటర్లు అన్న లెక్క ఉంది. వారసత్వ వస్తువుల పంపకం ప్రస్తావన లేదు. స్టేషన్ ఎటు పోతే వస్తువు అటు అనే పద్ధతి పాటిస్తే ఒకే లైన్ చరిత్ర రెండు బీరువాల్లో పడుతుంది. నా అభిప్రాయంలో లైన్ మొత్తానికి ఒకే జాబితా తయారు చేసి, ఒక జోన్‌కు బాధ్యత అప్పగించడమే సరైనది. ఏ జోన్ అన్నది రెండో ప్రశ్న.

మీరు ఏం అడగవచ్చు?

రైల్వే కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో రూ.10 రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. 'పర్లాకిమిడి లైన్ వారసత్వ వస్తువుల జాబితా, అవి ఇప్పుడున్న చోటు, నిర్వహణ ఖర్చు' అని మూడూ విడివిడిగా అడగండి. భువనేశ్వర్‌లోని తూర్పు కోస్తా రైల్వేకు ఒకటి, విశాఖ డివిజన్‌కు ఒకటి పంపితే మంచిది. ఒకరికే పంపితే 'అది మా దగ్గర లేదు' అన్న జవాబుతో సరిపెట్టే వీలుంటుంది.