పులిసిన పంటికీ పుచ్చిన పంటికీ పేరొక్కటేనా?

పచ్చి మామిడికాయ కొరికిన పిల్లవాడు "అమ్మా, పళ్ళు పులిశాయి" అంటాడు. ఆమ్లం సోకితే పంటికి ఏమవుతుందో మన భాషకు అనుభవపూర్వకంగా తెలుసు. అయితే ఆ పులుపే ఏళ్ళ తరబడి పంటిని హరించివేస్తే, ఆ స్థితికి మనకు స్థిరమైన పేరు లేదు. "అరిగింది" అంటాము, కాకుంటే "పుచ్చింది" అంటాము.

పుచ్చు, అనగా దంతక్షయం, నోటిలోని సూక్ష్మజీవులు చక్కెర నుండి పుట్టించే ఆమ్లం వలన కలుగుతుంది. పులుపు చేసే నష్టానికి సూక్ష్మజీవులతో నిమిత్తం లేదు. నిమ్మరసం, సీసా పానీయాలు, కడుపులో నుండి ఎగదన్నే జఠరామ్లం నేరుగా పంటి పింగాణి పొరను కరిగిస్తాయి.

ఈ భేదం పండితులకు మాత్రమే పనికివచ్చేది కాదు. బిడ్డ పళ్ళు పుచ్చుతున్నాయనుకొన్న తల్లి మామూలు కోలా మాన్పించి చక్కెర లేని కోలా తెస్తుంది. పుచ్చు విషయంలో అది కొంత మేలే. కాని ఆ రెండింటి పి.హెచ్. విలువ సుమారు 2.5, 3.5ల మధ్యనే ఉంటుంది. చక్కెర పోయినా ఆమ్లం పోలేదు, పన్ను కరగడం ఆగలేదు. అట్లే తాతగారి పళ్ళు లోపలివైపు కరిగినప్పుడు వయసు మీద అరిగాయని సరిపెట్టుకొంటే, అసలైన జఠర వ్యాధి మరుగున పడవచ్చు. పేరు తప్పితే చికిత్సా తప్పుతుంది.

వైద్యులలోనూ ఈ గందరగోళం పాతదే. 1907లో మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే ఈ నష్టానికి ఎరోజన్, అబ్రేజన్, కెమికల్ అబ్రేజన్, డెన్యుడేషన్ అని నాలుగు పేర్లు కనిపిస్తాయి. ఎట్టకేలకు 2020లో యూరప్‌లోని ఓర్కా సంస్థ, అంతర్జాతీయ దంత పరిశోధన సంఘపు దంతక్షయ విభాగం కలసి నిర్వచనాలపై ఏకాభిప్రాయ నివేదిక వెలువరించాయి. సూక్ష్మజీవులు పుట్టించని ఆమ్లాల వలన కలిగే రసాయనిక నష్టం ఎరోజన్. పన్ను పన్నుతో ఒరయడం వలన కలిగేది అట్రిషన్. ఇతర వస్తువుల రాపిడి వలన కలిగేది అబ్రేజన్. ఎరోజన్ ప్రధాన కారణమైన అరుగుదలకు వేరే పేరు: ఎరోజివ్ టూత్ వేర్.

వీటికి తెలుగు మాటలు ఎందుకని కొందరు అడుగవచ్చు. ఊరి నుండి వచ్చిన అమ్మమ్మ బాధను ఇక్కడి వైద్యునికి వివరించేది తరచు మనుమరాలే. ఆ ఇద్దరి నడుమ సరియైన మాట లేకుంటే వైద్యునికి చేరేది సగం సమాచారమే. "ఆమ్లక్షయం" అనడం నాకు సమ్మతం కాదు. "క్షయం" ఇదివరకే పుచ్చుకు చెందినది, పుచ్చుకూ మూలం ఆమ్లమే. నేల కోత అన్నట్లుగా ఎరోజన్‌ను "పులుపుకోత" అందాము. దాని వలన కలిగే అరుగుదల "పులుపు అరుగుదల". పన్ను పన్నుతో ఒరిస్తే "ఒరిపిడి", బ్రష్షుతోనో బొగ్గుపొడితోనో అరిగితే "రాపిడి".

ఇంతకన్న మంచి మాటలు తోచినవారు సూచింతురు గాక. కాని ఇక్కడి మన దంతవైద్యులు, ఆంధ్ర, తెలంగాణలలోని దంతవైద్య అధ్యాపకులు ఒక్క పట్టికకు కట్టుబడాలి. పళ్ళు పులిశాయన్న పసివాని మాటకు శాస్త్రంలోనూ చోటుండాలి.