పిల్లల ప్రాణాలు తీసే జ్వరానికి పేరు తెలియాలి

వానలు మొదలైతే రైతుకు విత్తనం దిగులు, తల్లికి పిల్లల జ్వరం దిగులు. పొద్దున ఆడుకున్న బిడ్డకు సాయంత్రానికి ఒళ్లు కాలిపోవడం, రాత్రికి వాంతులు, తెల్లారేసరికి ఫిట్స్, ఆసుపత్రికి చేరేలోగా స్పృహ తప్పడం ఉత్తర తెలంగాణ పల్లెలు 2003లో కళ్లారా చూశాయి. ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఇలా జబ్బుపడగా 183 మంది మరణించారు. జబ్బుపడిన వారిలో సగానికి పైగా పోయారన్న మాట. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. కరీంనగర్, వరంగల్ జిల్లాలకు తగిలిన దెబ్బ ఎక్కువ.

ఆనాడు తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏం జ్వరం? గాలి సోకిందని కొందరు, దోమ కుట్టిందని కొందరు, నీళ్లు చెడ్డాయని మరికొందరు అన్నారు. మెదడువాపు అనగానే ముందుగా గుర్తుకొచ్చేది దోమకాటుతో వచ్చే జపనీస్ మెదడువాపు. పరీక్షల్లో అది కాదని తేలింది. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పిల్లల నమూనాల నుంచి వైరస్‌ను వేరుచేసి, దాని జన్యువుల్లో కొంత భాగాన్ని అక్షరం అక్షరం చదివి, చాందీపురా వైరస్ అని నిర్ధారించింది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా గ్రామంలో జ్వరపీడితుల రక్తంలో మొదటిసారి కనిపించిన వైరస్ అది. 38 ఏళ్లపాటు ఎవరూ పెద్దగా లెక్కచేయని ఆ పేరు అంతమంది పిల్లలు పోయిన తర్వాత దేశమంతా వినిపించింది.

పేరు తెలిస్తే ఏమొస్తుంది, పోయిన బిడ్డ తిరిగివస్తుందా అని అడిగేవారున్నారు. ఆ మాటలో బాధ ఉంది, దాన్ని తప్పుపట్టలేము. అయితే పేరు తప్పితే ఊరు చేసే పని కూడా తప్పుతుంది. జపనీస్ మెదడువాపు అయితే దోమలను చంపాలి, పందులను ఊరికి దూరంగా ఉంచాలి, పిల్లలకు టీకా వేయించాలి. చాందీపురాను మోసేది ఇసుక ఈగ. అది దోమకంటే చాలా చిన్నది. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో, చీకటీ తేమా ఉన్న మూలల్లో దాక్కుంటుంది. దానికి మురికికాలువలో మందు చల్లితే లాభం లేదు. గోడల పగుళ్లు పూడ్చాలి, ఇంటి లోపలా కొట్టంలోనూ గోడలకు మందు కొట్టాలి. ఈ జబ్బుకు టీకా లేదు, వైరస్‌ను చంపే మందు లేదు. ఉన్నది ముందు జాగ్రత్త ఒక్కటే. ఆ జాగ్రత్త సరైన చోట పడాలంటే జ్వరం పేరు తెలియాలి.

జన్యుక్రమం అంటే ఏమిటి?

మనిషికి వచ్చిన కొత్త జబ్బు ఏ వైరస్ వల్ల వచ్చిందో చెప్పడానికి ఇప్పుడున్న గట్టి సాధనం జన్యుక్రమ పరిశీలన. కోవిడ్ కాలంలో పేపర్లలో, టీవీల్లో "జీనోమ్ సీక్వెన్సింగ్" అని రోజూ వినిపించిన మాట ఇదే. ప్రతి వైరస్‌లోనూ దాన్ని నడిపించే రాత ఒకటుంటుంది. ఆ రాతలో అక్షరాలు నాలుగే. అవే వరుస మార్చుకుంటూ సాగుతాయి. చాందీపురాలో ఆ అక్షరాలు సుమారు 11 వేలు, కేరళను వణికించిన నిపాలో సుమారు 18 వేలు, కోవిడ్ వైరస్‌లో దాదాపు 30 వేలు. రోగి రక్తం నుంచో, గొంతులోని తెమడ నుంచో, వెన్నునీటి నుంచో ఈ రాతను బయటికి తీసి యంత్రం చదువుతుంది. అప్పటికే తెలిసిన వైరస్‌ల రాతలతో కంప్యూటర్ దాన్ని పోల్చిచూస్తుంది.

మామూలు పరీక్షకూ దీనికీ తేడా ఉంది. ఆర్‌టీపీసీఆర్ వంటి పరీక్ష "ఫలానా వాడు ఇంట్లో ఉన్నాడా?" అని అడిగినట్టు. అడిగిన వాడుంటే ఉన్నాడని, లేకపోతే లేడని జవాబు వస్తుంది. వేరేవాడు లోపల కూర్చుని ఉన్నా ఆ పరీక్ష చెప్పదు. డెంగీ కాదు, జపనీస్ మెదడువాపు కాదు అని కాగితాలు వస్తూనే ఉంటాయి, బిడ్డ ఒంట్లో ఉన్నదేమిటో తెలియదు. నమూనాలో ఉన్న రాతనంతా చదివే పద్ధతిలో ముందుగా పేరు ఊహించి అడగవలసిన పని లేదు. లోపల ఎవరుంటే వాడి ఆనవాలే దొరికే అవకాశం ఉంది.

ఇంకో లాభం ఉంది. పాత రోజుల్లో దస్తావేజు లేఖరులు ఒక కాగితం చూసి ఇంకో కాగితం రాసేటప్పుడు అక్కడో అక్షరం ఇక్కడో అక్షరం తప్పుపోయేది. ఆ తప్పు తర్వాతి నకలులోకీ దిగేది. తప్పులను పోల్చిచూస్తే ఏ నకలు దేన్నుంచి పుట్టిందో చెప్పవచ్చు. వైరస్ కూడా ఒకరి నుంచి ఇంకొకరికి పోయేటప్పుడు తన రాతను నకలు చేసుకుంటుంది, మధ్యలో అక్షరాలు మారుతాయి. ఆ మార్పులను బట్టి జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఎటు పోతున్నదో శాస్త్రవేత్తలు ఆరాతీస్తారు. 2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ ప్రాంతంలో నిపా వచ్చినప్పుడు రోగుల్లోని వైరస్ రాతనూ, ఆ చుట్టుపక్కల పట్టిన పండ్లు తినే గబ్బిలాల్లోని వైరస్ రాతనూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ దాదాపు ఒక్కటిగా ఉన్నాయి. అనుమానం ఎటు పోవాలో అప్పుడు తేలింది.

పుకారుకు జవాబు

ఈ పరీక్ష విలువ తెలుగువారికి 2021 మే నెలలో బాగా తెలిసింది. కర్నూలులో పుట్టిన "ఏపీ రకం" కోవిడ్ మామూలుదానికంటే ఎన్నోరెట్లు ప్రమాదకరమైనదని ప్రచారం జరిగింది. ఎన్440కె అని దానికి పేరు. దేశమంతా తెలుగువారిని అనుమానంగా చూశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారు 14 రోజులు విడిగా ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం ఆదేశం కూడా ఇచ్చింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పటికే వేల నమూనాల జన్యుక్రమం చదివి ఉన్నారు. ఎన్440కె పెరగడం లేదనీ, తగ్గిపోతున్నదనీ, దాని చోటును వేరే రకాలు ఆక్రమిస్తున్నాయనీ వారు లెక్కలతో చెప్పారు. దేశాన్ని ముంచింది ఆ నెలాఖరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని పేరుపెట్టిన రకం. నోటిమాటకు నోటిమాట జవాబు కాదు. రాతకు రాతే జవాబు.

చాందీపురా కూడా పోయిన జబ్బు కాదు. 2003 తర్వాత వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి మెదడువాపుతో వచ్చిన పిల్లల్లోనూ పూణే శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. 2024లో గుజరాత్‌లో అది మళ్లీ తల ఎత్తింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు 15 వరకు దేశంలో 245 మందికి మెదడువాపు లక్షణాలు కనిపించగా 82 మంది మరణించారు. వారిలో 64 మందికి చాందీపురా నిర్ధారణ అయింది, వారిలో ముగ్గురు తప్ప అందరూ గుజరాత్ వారే. హిమ్మత్‌నగర్ సివిల్ ఆసుపత్రిలోని పిల్లల డాక్టర్లు లక్షణాలు చూసి అనుమానించి నమూనాలు పూణేకు పంపారు. తర్వాత గుజరాత్ రాష్ట్ర సంస్థే గాంధీనగర్‌లో వైరస్ జన్యుక్రమాన్ని చదివింది. మొదటి అడుగు వేసింది పల్లె పిల్లలను రోజూ చూసే డాక్టర్లని మరువరాదు.

సూది భయం

ఇంత మంచి పరీక్ష ఉండగా పల్లెల్లో దానికి అడ్డేమిటి? ఒకటి భయం. "వెన్నులోంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి", "నీరు తీసిన తెల్లారే ఫలానా వారి పిల్ల పోయింది" అనే మాటలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. వెన్నుపాము ముగిసిన చోటుకు కింద, నడుము భాగంలో సూది వేస్తారు. అందువల్ల కాళ్లు పడిపోతాయన్న భయానికి ఆధారం లేదు. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉందని అనుమానం ఉంటే డాక్టర్లే ఆ పని వాయిదా వేస్తారు. నీరు తీసేది జబ్బు ముదిరిన పిల్లలకు. వారిలో కొందరు జబ్బుతో పోతే నింద సూదిమీద పడుతున్నది. ఈ సంగతి తల్లిదండ్రులకు కూర్చోబెట్టి చెప్పే తీరిక ఆసుపత్రి సిబ్బందికి ఉండాలి. సంతకం పెట్టమని కాగితం చేతికిచ్చి తొందరపెడితే భయం రెట్టింపవుతుంది.

"మా రక్తం తీసుకుపోయి మా వంశం గుట్టు చదువుతారట" అనే అనుమానం మరొకటి. దీన్ని కొట్టిపారేయకూడదు. నమూనాలో వైరస్ రాతతోబాటు మనిషి రాత కూడా కలిసే ఉంటుంది. కావలసింది వైరస్ రాత మాత్రమే, మనిషిది తీసివేయాలి. ఆ మాట కుటుంబానికి ముందే చెప్పి, ఒప్పుకున్నాకే నమూనా తీసుకోవడం ధర్మం. రోగి పేరు, ఊరు బయటపెట్టకపోవడం అంతకంటే పెద్ద ధర్మం. కోవిడ్ రోజుల్లో పేరు బయటపడిన ఇళ్లవారు బావి దగ్గర, కిరాణాకొట్టు దగ్గర పడిన అవమానం పల్లెలు ఇంకా మరిచిపోలేదు.

రెండో అడ్డు జనం వైపు నుంచి కాదు, ఏర్పాట్ల వైపు నుంచి. ఈ వైరస్‌ల రాత వేడికి తొందరగా చెడిపోతుంది. నమూనాను చల్లగా ఉంచి, తొందరగా చేర్చకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా చదవగలిగింది ఏమీ ఉండదు. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో తీసిన నమూనాకే విలువ. ఆర్‌ఎంపీ దగ్గర ఒక రోజు, భూతవైద్యం కింద ఒక రోజు, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఒక రోజు గడిచాక పెద్దాసుపత్రికి వచ్చే బిడ్డకు వైద్యానికీ ఆలస్యమే, పరీక్షకూ ఆలస్యమే.

మూడోది, జవాబు తిరిగి రాకపోవడం. నమూనా పట్నం పోతుంది. అక్కడినుంచి పూణే పోతుంది. అక్కడ తేలినది పై అధికారులకు చేరుతుంది, పత్రికల్లో పడుతుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి మాత్రం కబురు రాదు. చావుకు కారణం తెలియని ఇల్లు జీవితాంతం ఎవరినో ఒకరిని అనుమానిస్తూనే ఉంటుంది. చేతబడి పేరుతో పల్లెల్లో జరిగే ఘోరాల వెనుక ఇలాంటి జవాబు లేని చావులూ ఉంటాయి. ఏం జబ్బో రాసిన ఒక్క కాగితం ఆ ఇంటికి చేరితే ఊళ్లో ఎన్ని అనుమానాలు ఆగుతాయో ఊహించవచ్చు.

జన్యుక్రమం అన్నింటికీ మందు కాదన్నది కూడా నిజం. రాత్రిపూట ఫిట్స్‌తో వచ్చిన బిడ్డకు కావలసింది ఫిట్స్ ఆపే సూది, ప్రాణవాయువు, సెలైన్, చక్కెర పరీక్ష, కన్నార్పకుండా చూసే నర్సు. పెద్దాసుపత్రికి చేర్చే 108 బండి సమయానికి రావాలి. ఇవి లేని చోట వైరస్ పేరు చెప్పి లాభం లేదు. వైద్యం ఈ రాత్రి వచ్చిన బిడ్డ కోసమైతే, పరీక్ష రేపు జ్వరం పట్టబోయే పక్కింటి బిడ్డ కోసం. రెండూ కావాలి.

హైదరాబాదులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి పేరుమోసిన సంస్థలు ఉన్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కోవిడ్ జన్యుక్రమం కోసం ఏర్పరచిన మొదటి పది ప్రయోగశాలల్లో ఆ రెండూ ఉన్నాయి. చదివే యంత్రాలు, చదవగల మనుషులు దగ్గరలోనే ఉన్నారు. పల్లె ఆరోగ్య కేంద్రానికీ ఆ ప్రయోగశాలకూ మధ్య దారి వేయడమే మిగిలిన పని.

అందుకు ఖర్చు కొండంత కాదు. వానాకాలానికి ముందే జిల్లా ఆసుపత్రిలో నమూనా సీసాలు, ఐసుపెట్టెలు సిద్ధంగా ఉంచాలి. అంతుచిక్కని జ్వరంతో స్పృహ తప్పిన ప్రతి బిడ్డ నమూనా తొందరగా ప్రయోగశాలకు బయలుదేరేలా ఒక బండిని, ఒక బాధ్యుడిని నియమించాలి. ఫలితం జిల్లా వైద్యాధికారికి వచ్చిన వెంటనే ఆరోగ్య కేంద్రం డాక్టరు ద్వారా ఆ ఇంటికి తెలుగులో రాసిన కాగితంగా అందించాలి. జబ్బు ఫలానాదని తేలిన ఊళ్లో ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో గ్రామసభలో చెప్పాలి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు గోడల నెర్రెలు పూడ్పించే పని మృగశిర కార్తెకు ముందే మొదలుపెట్టించాలి.

గ్రామస్థులు చేయవలసింది కూడా ఉంది. పిల్లకు జ్వరంతోపాటు వాంతులు, మగత, ఫిట్స్ ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. డాక్టరు నమూనా అడిగితే ఎందుకని అడగాలి, అర్థమయ్యాక ఇవ్వాలి, ఫలితం ఎప్పుడిస్తారని నిలదీయాలి. 2003లో పోయిన 183 మంది పిల్లలకు ఏ జ్వరమో ముందుగా చెప్పగలిగినవారు లేరు. ఇప్పుడు చెప్పగలిగినవారు ఉన్నారు. ఇకమీదట ఏ పల్లెలోనైనా బిడ్డ పేరు తెలియని జ్వరంతో పోతే ఆ తప్పు వైరస్‌ది మాత్రమే అని ఎవరూ చేతులు దులుపుకోలేరు. వానలు రాకముందే జిల్లా అధికారులు మేలుకోవాలి.