చివరి కచేరీ అన్న మాట మరచి

దిను లిపట్టి పేరు తలచుకోగానే ఎవరైనా ముందుగా చెప్పేది ఆయన మరణం గురించే. నేనూ ఆ కథ చదివిన తరువాతనే ఆయన పియానో విన్నాను. అందుకిప్పుడు కొంత సిగ్గుపడుతున్నాను. ఎందుకో చెప్పుకోవడానికే ఈ టపా.

కథ తెలియని మిత్రుల కోసం క్లుప్తంగా: 1917లో బుకారెస్టులో పుట్టిన ఈ రుమేనియా కళాకారుడు హాడ్జ్‌కిన్స్ వ్యాధితో కృశించిపోతూ కూడా 1950 సెప్టెంబరు 16న ఫ్రాన్సులోని బెజాన్సోన్ నగరంలో కచేరీ చేశారు. బాఖ్ మొదటి పార్టీటా, మొజార్టు ఏ మైనర్ సొనాటా, షూబర్టు ఇంప్రాంప్ట్యూలు రెండు, ఆపైన షోపాన్ వాల్ట్‌జులు 14 వాయించాలని సంకల్పం. 13 వాల్ట్‌జులు పూర్తయ్యేసరికి శక్తి ఉడిగిపోయింది. పద్నాలుగోదానికి బదులు బాఖ్ భక్తిగీతమొకటి వాయించి ముగించారు. ఆ డిసెంబరు 2న కన్నుమూశారు. అప్పటికాయన వయస్సు 33.

ఈ కథ తెలిశాక ప్రతి స్వరంలోనూ మృత్యువు అడుగుల చప్పుడే వినిపిస్తుంది. కాదు, వినిపించినట్లు మనమే భ్రమపడతాము. కథను పక్కనబెట్టి ఆ రికార్డును మళ్ళీ మళ్ళీ విన్నాను. అందులో నాకు రోగి కనిపించలేదు, ఒక నిబ్బరమైన విద్వాంసుడు కనిపించారు.

బాఖ్ మొదలుపెట్టే ముందు ఆయన వేళ్ళు మీటలపై అలా ఒకసారి విహరించి, రాబోయే స్వరస్థాయిని పలికిస్తాయి. మన విద్వాంసులు శ్రుతి చూసుకుని రాగఛాయను లీలగా సూచించడం గుర్తుకొచ్చింది. గమకాలకు అలవాటుపడిన మన చెవికి పియానో మొదట్లో మొండి వాద్యమనిపిస్తుంది. మీట నొక్కిన మరుక్షణం నుండి స్వరం క్షీణించవలసిందే; దాన్ని వంచడానికి వీల్లేదు. అయినా షూబర్టు జీ ఫ్లాట్ ఇంప్రాంప్ట్యూలో లిపట్టి ఆ మరణించే స్వరాలనే ఒకదాని చేతికొకటి అందించి, తెగని గానంగా మారుస్తారు. కింద అలలుగా సాగే స్వరాలు ఎన్ని ఉన్నా పైనున్న పాట వాటిలో మునిగిపోదు. మొజార్టు సొనాటాకూ ఒక మరణకథ ఉంది. అది పుట్టిన 1778లోనే పారిస్‌లో ఆయన తల్లి మరణించింది. లిపట్టి ఆ దుఃఖాన్ని నటించరు. లయను బిగువుగా నిలిపి, రాసినదాన్ని రాసినట్లు పలికిస్తారు. దుఃఖం దానంతటదే వస్తుంది.

అదే సంవత్సరం జులైలో జెనీవాలో ఆయన ఈ వాల్ట్‌జులు పద్నాలుగింటినీ రికార్డు చేశారు. రెండింటినీ పక్కపక్కన వినండి. నా మటుకు నాకు స్టూడియోలోని నునుపుకంటె కచేరీలోని చొరవే ఎక్కువ నచ్చింది. ఆ మాట ఆయన మరణాన్ని తలచుకుని జాలితో అంటున్నది కాదు, వాయింపును మెచ్చి అంటున్నది.

ఈ పట్టుదల నాకెందుకంటే, మా పెదనాన్నగారు ఫిడేలు వాయించేవారు. పక్షవాతం వచ్చి, ఒక కచేరీ మధ్యలో కమాను జారిపోయింది. ఆయన పోయి చాలా యేళ్ళయింది. ఇప్పటికీ బంధువులందరూ ఆ కమాను జారిన క్షణాన్నే కన్నీళ్ళతో చెబుతారు. ఆయన తోడి ఎలా వాయించేవారని ఒకసారి అడిగాను. ఎవరికీ జ్ఞాపకం లేదు.

లిపట్టికి ఆ దుర్గతి పట్టలేదు, రికార్డు ఉంది కనుక. ఆ చివరి భక్తిగీతం మాత్రం అందులో లేదు. లేకపోవడమే మేలేమో! వాయించలేని పద్నాలుగోదాని గురించి కాక, వాయించిన పదమూడింటి గురించి మాట్లాడుకుందాం. విని, మీకేమనిపించిందో చెప్పండి.