లావు టైరూ... మన చీర కొంగూ!

బండి టైరు సంగతి మగవాళ్ళదిలే అని మనం పట్టించుకోం. కానీ ఆ వెనక చక్రం పక్కన, కాళ్ళు ఒకవైపు వేసుకుని, ఒళ్ళో చంటాడితో, చేతిలో కూరల సంచీతో కూర్చునేది ఎవరండీ? మనమే కదూ!

మా పక్కింటి వదినగారి అబ్బాయి స్ప్లెండర్‌కి వెనక టైరు అరిగింది. “లావుది వేయిస్తే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుందమ్మా” అని 100/90-18 వేయించుకొచ్చాడు. చైను కవరుకి రాసుకుంటోందని షాపతను కవరు వంచాడట. చీర గార్డుంటే టైరు లావు కనపడదని వీడు దాన్ని విప్పించేశాడు. మూడో రోజున వదినగారి కొంగు చక్రంలోకి పోయింది. బండి మెల్లగా ఉంది గనుక చీర చిరగడంతో సరిపోయింది. నేనైతే ఆ పూట వాడికి కాఫీ కూడా ఇచ్చేదాన్ని కాదు!

అసలీ అంకెలేమిటో చూద్దాం. స్ప్లెండర్ ప్లస్‌కి కంపెనీవాళ్ళు ఇచ్చేది 80/100-18. అంటే టైరు వెడల్పు 80 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు పాళ్ళు, రిమ్ము 18 అంగుళాలు. అబ్బాయి వేయించింది 100 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 90 పాళ్ళు ఎత్తు. లెక్క కట్టండి, ఎత్తు 80 నుంచి 90కి పెరిగింది. పైనా కిందా కలిపి చక్రమే 2 సెంటీమీటర్లు పెద్దదైంది. మరి కవరుకి రాసుకోదూ? బరువూ పెరుగుతుంది, పికప్ తగ్గుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

పోనీ పట్టు పెరిగిందా అంటే అదీ లేదు. ఇరుకు గలీబులో పెద్ద దిండు కూరి చూడండి. అంచులు ముడుచుకుపోయి నడిమికి ఉబ్బుతుంది. సన్న రిమ్ముకి లావు టైరు ఎక్కిస్తే అచ్చం అంతే. నడుమ గుండ్రంగా లేచి, నేలకు ఆనేది ఆ కాస్తే. నడుమనే త్వరగా అరిగిపోతుంది కూడా. రిమ్ము మీద 1.60 అనో 1.85 అనో అంగుళాల్లో వెడల్పు గుద్ది ఉంటుంది. 100/90 టైరుకి కనీసం 2.15 కావాలి. అంతగా ముచ్చట పడితే, 1.85 రిమ్ము ఉన్నవాళ్ళు 90/90-18 దాకా వెళ్ళొచ్చు. దాని ఎత్తు 81 మిల్లీమీటర్లే. అదైనా టైరు కంపెనీ పట్టికలో రిమ్ము కొలత చూపించమని అడిగాకే సుమా.

అన్నట్టు, మనకు వెడల్పు కంటే ముఖ్యమైన అంకె ఇంకోటుంది. స్ప్లెండర్‌కి ముందూ వెనకా టైరు సైజు ఒకటే. కానీ ముందుదాని మీద 47P అనీ, వెనకదాని మీద 54P అనీ ఉంటుంది. 47 అంటే 175 కిలోలు, 54 అంటే 212 కిలోల బరువు మోయగలదని. ఇద్దరు పెద్దవాళ్ళూ, ఓ పిల్లా, పాతిక కిలోల బియ్యం బస్తా... ఆ భారమంతా ఎక్కువగా పడేది వెనక టైరు మీదే. సైజు ఒకటే కదా అని ముందు టైరు వెనక తగిలించే షాపులూ లేకపోలేదు. ఇద్దరెక్కేటప్పుడు వెనక గాలి ఎక్కువ పెట్టాలన్న సంగతీ మరవకండి. ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది.

కొనేటప్పుడు టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న నాలుగంకెలు చూడండి. 2224 అంటే 2024లో 22వ వారం తయారైందని. పచ్చళ్ళ సీసా మీద తేదీ చూసేవాళ్ళం, ఇది చూడలేమా?

చీర గార్డు మాటకొస్తే, అది సోకు కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది దీని గురించే. వెనక కూర్చునేవారి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం మూసి ఉండాలని, చేత్తో పట్టుకునేందుకు పిడి, కాలు పెట్టుకునే చోటు కూడా ఉండాలని అందులో ఉంది.

వదినగారి అబ్బాయి మళ్ళీ 80/100 వేయించాడు, రెండోసారి డబ్బు పోసి. మీ ఇంట్లో టైరు మారిస్తే డబ్బివ్వకముందే స్టాండు వేయించి చక్రం తిప్పించండి. చైను కవరుకి గానీ, మడ్‌గార్డుకి గానీ తగలకూడదు. గార్డు బోల్టులు బిగించారో లేదో మీ చేత్తోనే కదిపి చూడండి. కొత్త రబ్బరు కాస్త నున్నగా ఉంటుంది గనుక మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో మెల్లగా పోనిమ్మనండి.