రెండు రాష్ట్రాలు, రెండు ఖాతాలు



హైదరాబాద్‌లో కొన్న కారును ఉయ్యూరు తెచ్చుకుంటే మళ్లీ లైఫ్ ట్యాక్స్ అడగడం దోపిడీయేనని గత వారం ఒక పాఠకుడు రాశారు. ఆయన కోపం సబబే కానీ లెక్క పొసగలేదు. వాహన పన్ను రాష్ట్రాలది. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 తర్వాత తెలంగాణకు కట్టింది మన ఆంధ్రప్రదేశ్ ఖజానాకు రాదు. కారు ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకోవాలి. పాత బండికి పన్ను దాని వయసును బట్టి తగ్గుతుంది. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగాలి; మనలో చాలామంది అడగరు, అదే అసలు నష్టం.

ఇక అమెరికాలో ఉన్న అబ్బాయి కారును ఇక్కడికి తెప్పించుకోవాలనుకునేవారి గురించి. కస్టమ్స్ సుంకం కేంద్రానిది. ఎడమవైపు స్టీరింగున్న పాత కారుకు సుంకం కడతామన్నా అనుమతి లేదు. ఆ ఆశ మానుకోండి.

– ఒక పాఠకుడు, ఉయ్యూరు