ఆసుపత్రికొక సరంగు

'నావిగేటర్' అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువు చూస్తే 'కర్ణధారుడు' అని ఉంటుంది. ఇక్కడ కర్ణమంటే చెవి కాదు, చుక్కాని. గోదావరిలో లాంచీ నడిపే సరంగును చూసినవారికి ఇంత సంస్కృతం అక్కరలేదు. ఏ మలుపులో ఇసుక మేట వేసిందో, ఏ రేవులో ఎంత లోతున్నదో అతనికి తెలుసు. ఎక్కినవాడు నిశ్చింతగా కూచోవచ్చు. ఇప్పుడా మాట ఆసుపత్రులలోకి వచ్చింది. కాన్సర్ రోగిని వెంటబెట్టుకుని ఆ గదికీ ఈ గదికీ తిప్పి, వైద్యం పూర్తయ్యేదాకా వదలని మనిషిని 'పేషెంట్ నావిగేటర్' అంటున్నారు. ఆ మనిషి డాక్టరు కానక్కరలేదు, నర్సూ కానక్కరలేదు.

దారి చూపడానికి మనిషెందుకండీ, గోడల మీద బోర్డులు లేవా అని మీరనవచ్చు. బోర్డులు న్యూయార్కులోనూ ఉన్నాయి. ఆ నగరంలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేట హార్లెం. 1967లో హెరాల్డ్ ఫ్రీమన్ అనే శస్త్రవైద్యుడు అక్కడి ఆసుపత్రిలో చేరాడు. కాన్సరును కత్తితో కోసి పారెయ్యవచ్చునని వచ్చినవాడికి, రోగులు కత్తి దాకా వచ్చేసరికే పొద్దుగూకిపోతున్నదని తెలిసింది. 1964 నుంచి 1986 వరకు రొమ్ము కాన్సరుతో అక్కడికి వచ్చిన 606 మంది లెక్క తీస్తే, దాదాపు సగం మంది జబ్బు ముదిరాక వచ్చినవారే. అయిదేళ్ళు బతికినవారు నూటికి 39 మంది.

సరే, 1979లో ఉచిత పరీక్షలు పెట్టారు. అయినా గడ్డ ఉన్నదని తేలిన వాళ్ళలో కొందరు, ముక్క తీయించి చూపించుకోవడానికి తిరిగి రాలేదు. కారణాలు చూస్తే ఒక్కటీ వైద్యశాస్త్రంలోది కాదు. బీమా కాగితం లేదు. పిల్లలను చూసేవారు లేరు. ఒక రోజు కూలి పోతుంది. కౌంటరు దగ్గర కసిరారు. కత్తి పెడితే కాన్సరు పాకుతుందని పొరుగింటావిడ చెప్పింది. (పొరుగింటావిడ ఏ దేశంలోనైనా పొరుగింటావిడే గదా!)

1990లో ఫ్రీమన్ నావిగేటర్లను పెట్టాడు. అనుమానం తేలినవారిలో, నావిగేటరు తోడున్నవారు నూటికి 87 మందికి పైగా ముక్క తీయించుకున్నారు. తోడు లేనివారు 57 మందికి లోపే. తీయించుకున్నవారిలోనైనా, నాలుగు వారాల లోపల ఆ పని ముగించుకున్నవారు తోడున్నవైపు 71, లేనివైపు 38. ఆ పేటా అదే, ఆ డాక్టర్లూ వాళ్ళే. తరవాత 1995–2000 మధ్య వచ్చిన రోగులలో అయిదేళ్ళు బతికినవారు నూటికి 70 మంది అయ్యారు. ఇదంతా నావిగేటర్ల పుణ్యమే అనను; ఉచిత పరీక్షల్లో జబ్బు ముందుగా దొరకడం, మందులు మెరుగుపడడం కూడా అందులో ఉన్నాయి.

మన దేశంలో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ఈ పనికి ప్రత్యేకంగా ఒక చదువే పెట్టి, దానికి 'కేవట్' అని పేరుంచారు. కేవట్ అంటే సీతారామలక్ష్మణులను గంగ దాటించిన పడవవాడు. మనం గుహుడి కథలో కలిపి చెప్పుకునేది అతన్నే. పేరు పెట్టినవారెవరో రసికులు. రాముడంతటివాడికే ఏరు దాటడానికి ఒక మనిషి కావలసివస్తే, మన్యం నుంచి సంచీ పట్టుకుని వచ్చిన ముసలమ్మ మాట చెప్పాలా?

మనకూ 2007లో ఆరోగ్యశ్రీతో పాటు 'ఆరోగ్యమిత్ర'లు వచ్చారు. కార్డు చూసి, కాగితాలు సర్ది, అనుమతికి పంపే పని వాళ్ళది. మంచి పనే. కాని కాగితం నడిచినంత మాత్రాన మనిషి నడిచినట్టు కాదు. రేడియేషన్ అంటే సామాన్యంగా వారానికి అయిదు రోజులు, వారాల తరబడి. ఆదిలాబాదు నుంచి హైదరాబాదు వచ్చిన ఇల్లాలు అన్నాళ్ళు ఎక్కడ ఉండాలి, ఏం తినాలి? తోడు వచ్చిన పెనిమిటి నాట్ల వేళకు ఊరు పోవాలి. ఆవిడ కూడా మూటకట్టుకుని, పండుగ వెళ్ళాక వస్తానని బయలుదేరుతుంది. వైద్యం మధ్యలో ఆగితే జబ్బు తెరిపి దొరికినట్టు లేచి కూచుంటుందని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. ఆసుపత్రిలో వచ్చినవారి పేర్లు రాసుకునే పుస్తకాలు బోలెడు ఉంటాయి. సోమవారం రాని మనిషికి మంగళవారం ఫోను చేసి, ఏమ్మా, ఎందుకు రాలేదు, బస్సు ఖర్చులకు లేవా అని అడగడం ఎవరి ఉద్యోగం? ఆ ఉద్యోగం ఒకరి పేరున రాసి ఉండాలి, జీతంతో సహా.