పిల్ల లెక్క కంటే ముందు ఏరియేటర్ లెక్క

కొత్తగా ఎకరం, రెండెకరాలు తవ్వించి ఉప్పునీటి రొయ్య వేయబోతున్న చిన్న రైతులకు ఈ నాలుగు మాటలు. చెరువు తవ్వకం కాగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఎంత పిల్ల వేద్దాం?" అని. ఏరియేటర్ల మాట ఆఖరున వస్తుంది. "పంట ఎదిగాక చూద్దాంలే, అప్పుడు అరువు మీద తెద్దాం" అనుకుంటాం. ఈ వరస తిరగబడాలి. ముందు కరెంటు, తర్వాత ఏరియేటర్లు, ఆ రెండూ మోయగలిగినంతే పిల్ల. చిన్న రైతు నిలబడాలంటే వేరే దారి లేదు.

టైగర్ రొయ్య రోజుల్లో పలచగా వేసి, నీరు మార్చుకుంటూ నెట్టుకొచ్చిన రైతులున్నారు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక పద్ధతి మారింది. వనామీ అడుగునే కాక నీటి మధ్యలోనూ తిరుగుతుంది కనుక దట్టంగా వేస్తున్నారు. చదరపు మీటరుకు 60 పిల్లలు మించరాదని అప్పుడే పరిమితి పెట్టారు. అది పరిమితే కాని, ప్రతి రైతూ అందుకోవాల్సిన లెక్క కాదు.

లెక్క ఇలా వేసుకోండి. ఎకరమంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. మీటరుకు 30 చొప్పున వేస్తే 1,20,000 పిల్లలు. నూటికి 70 బతికి 50 కౌంటుకు వస్తే దాదాపు 1,680 కిలోల రొయ్య. ఒక హెచ్‌పి ఏరియేటర్ 400 నుంచి 500 కిలోల రొయ్యను మోస్తుందన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే ఎకరానికి 4 హెచ్‌పి కావాలి. అదే మీటరుకు 60 వేస్తే 8 హెచ్‌పి కావాలి. రెండే మోటార్లు కొనగలిగిన రైతు పక్క చెరువును చూసి రెండు లక్షల పిల్ల వేస్తే, అరవయ్యో రోజు దాటాక ప్రతి తెల్లవారుజామూ గండమే.

తెల్లవారుజామున ఎందుకంటే, పగలు ఎండలో ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ ఆక్సిజన్ తీసుకుంటుంది. రొయ్య, అడుగున మిగిలిన మేత, కుళ్లు అన్నీ అందులోంచే వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున 3 నుంచి 6 గంటల మధ్య ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. 4 పిపిఎం కంటే దిగితే రొయ్య మేత తగ్గిస్తుంది, నీరసిస్తుంది. ఇంకా దిగితే తేలుతుంది. పైగా ఉప్పదనం, వేడి పెరిగేకొద్దీ నీరు పట్టుకోగల ఆక్సిజన్ తగ్గుతుంది. వేసవి పంట వేసేవారు ఇది మరవకూడదు.

"మొదటి నెల రొయ్య చిన్నది, ఏరియేటర్లు ఎందుకు? కరెంటు దండగ కదా" అని కొందరంటారు. అన్నీ రాత్రింబగళ్లు తిప్పనక్కర్లేదన్నది నిజమే. కాని తిప్పకపోవడం వేరు, పెట్టకపోవడం వేరు. బ్లీచింగ్ చల్లినప్పుడు అది నీరంతా కలవడానికి, ఆ తర్వాత దాని ఘాటు పోవడానికి ఏరియేటర్ కావాలి. సున్నం, మినరల్స్ ఒకచోటే పేరుకోకుండా కలపడానికీ అదే కావాలి. పెద్ద వాన పడితే మంచినీరు పైన, ఉప్పునీరు కింద విడిపోయి అడుగున ఆక్సిజన్ అందదు. అప్పుడు పదిరోజుల పిల్ల ఉన్నా మోటారు వేయాల్సిందే. పైగా అరవై రోజులప్పుడు హడావుడిగా కొనబోతే అడిగిన ధరకు కొనాలి. ట్రాన్స్‌ఫార్మర్ లోడు చాలదు, తీగ చాలదు. అవి ఒక్క రాత్రిలో దొరికేవి కావు.

ఏరియేటర్ అంటే గాలి యంత్రం అని మాత్రమే అనుకోవద్దు. అది నీటిని నడిపించే యంత్రం కూడా. అందుకే ఎన్ని ఉన్నాయన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ చూడాలి. దారి దగ్గరని, తీగ ఆదా అని నాలుగూ ఒకే గట్టున కట్టేస్తే సగం చెరువు కదలదు. నలుచదరపు ఎకరం చెరువులో ఒక్కో గట్టు వెంట ఒకటి, అన్నీ ఒకే వాటంగా నీటిని తోసేటట్టు పెట్టండి. నీరు సుడిలా తిరిగి మురికి నడిమికి చేరుతుంది, అంచుల వెంట అడుగు శుభ్రంగా ఉంటుంది. మేత ఆ శుభ్రమైన చోటే చల్లాలి, నడిమిన కాదు. నీరు తిరుగుతున్నదో లేదో తెలియాలంటే గుప్పెడు ఊక చల్లి చూడండి. ఊక నిలిచిపోయిన మూల నీరు కదలని మూలే.

కొత్త చెరువులో గట్టు ఇంకా గట్టిపడి ఉండదు. గట్టు కాలినుంచి 10, 15 అడుగులు లోపలికి పెట్టకపోతే నీటి తాకిడికి మట్టి కోసుకుపోతుంది. మొదట రోజుకు కొద్ది గంటలే తిప్పి గట్టును గమనించండి. నీరు బురదగా మారితే వెలుతురు దిగక ప్లాంక్టన్ పట్టదు. చక్రం రెక్క నాలుగు అంగుళాలకు అటూ ఇటూగా మునగాలి. మరీ మునిగితే మోటారు మీద భారం పడి కాలుతుంది, తేలితే నీళ్లు చిమ్మడమే కాని పని జరగదు. నీటిమట్టం మారినా ఏరియేటర్ దానితో పాటు లేచి దిగేటట్టు తాడు కట్టండి.

ఇక ఖర్చు. 4 హెచ్‌పి మోటార్లు గంట తిరిగితే సుమారు మూడున్నర యూనిట్లు. రాత్రికి 12 గంటలు వేస్తే 42 యూనిట్లు, నెలకు 1,260. మీ బిల్లులో పడే ధరతో గుణించుకుని, పంట పెట్టుబడిలో ఆ మొత్తాన్ని ముందే రాసుకోండి. జనరేటర్ లేకుండా దట్టంగా వేయడం జూదమే. నలుగురు కలిసి ఒక జనరేటర్ కొందామనుకోవడం మంచిదే, కాని కరెంటు పోతే నలుగురికీ ఒకేసారి పోతుంది. నలుగురి మోటార్లనూ ఒకేసారి మోయగలిగినదైతేనే ఆ పొత్తు నిలుస్తుంది. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే జనరేటర్ మీద అన్నీ ఒక్కసారి వేయకుండా ఒకదాని తర్వాత ఒకటి వేయాలి.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది. అతుకుల తీగలు నీళ్లలో వేలాడుతుంటే, ఎర్త్ లేకుంటే, చెరువులో దిగిన మనిషికి తప్పించుకునే సమయం కూడా ఉండదు. మంచి ఎర్త్, లీకయితే వెంటనే ట్రిప్పయ్యే బ్రేకర్ లేకుండా మొదటి మోటారు కూడా వేయవద్దు. మెయిన్ తీయకుండా ఎవరినీ నీళ్లలో దింపవద్దు. కూలికి వచ్చినవాడైనా, కన్నకొడుకైనా ఇదే నియమం.

కరెంటు శాఖ, మత్స్యశాఖ వారికీ ఒక మాట. చిన్న రైతుకు కనెక్షన్, చాలినంత లోడు సీజన్ మొదలయ్యే లోపే అందాలి. కరెంటు ఇచ్చేటప్పుడే చెరువు దగ్గర ఎర్త్, తీగలు చూసి సరేననాలి. రాయితీ ఇచ్చి ఊరుకుంటే సగం పనే అవుతుంది.

రైతు సోదరులారా, హేచరీకి వెళ్లే ముందు గట్టు మీద నిలబడి మీ దగ్గర ఎన్ని హెచ్‌పి ఉన్నాయో లెక్కపెట్టుకోండి. దాన్ని 400తో గుణించండి. అదే మీ చెరువు మోయగల రొయ్య. అంతకు సరిపడా పిల్ల మాత్రమే అడగండి. తక్కువ వేసి పట్టుబడి దాకా నిలబెట్టుకున్న రైతు మళ్లీ పంట వేస్తాడు. ఎక్కువ వేసి తేల్చుకున్న రైతు ఆ ఏడు అప్పు తీర్చుకోవడానికే కూలికి పోవాల్సి వస్తుంది.